దయ్యం కుట్టు

ఆ బజారులో దయ్యం కుట్టు అంటే తెలియనివాళ్ళు లేరు. గౌను అంచు మడిచి, బట్టలో ఒక్కటంటే ఒక్క పోగునే సూదిమొనతో పట్టుకుని, పైకి దారం ఛాయ కూడా కనబడకుండా చేత్తో వేసే కుట్టు అది. మిగతా దర్జీలు దాన్ని హెమ్మింగ్ అంటారు. నాలుగేసి పోగులు పట్టి గబగబా లాగించేస్తారు. ఆ పేరు పెట్టిన దర్జీ అలా కాదు. బట్ట ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, కళ్ళు సగం మూసుకుని తీరిగ్గా వేస్తుంది. వేసే ముందు ఒక మాట అడుగుతుంది.

"దయ్యం కుట్టు వెయ్యమంటారా, మామూలుది చాలా?"

కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. పాతవాళ్ళు, "దయ్యందే వెయ్యమ్మా, పిల్ల మొదటిసారి ఉద్యోగానికి వెళ్తోంది" అంటారు. అలా ఆవిడకు దయ్యాల దర్జీ అని పేరు పడిపోయింది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే కోపం రాదు సరికదా, కొత్త సూది ఎక్కించిన మిషనులా ఇంకాస్త చురుగ్గా తిరుగుతుంది.

ఆ కుట్టు ఆవిడకు నేర్పింది ఒక సినిమా.

ఆ సినిమా పేరు "మెట్లగది". ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వచ్చింది. కథ పెద్దగా ఏమీ లేదు. తల్లి లేని ఒక పాప, ఆ పాప తండ్రి, వాళ్ళు అద్దెకు దిగిన ఒక పాత ఇల్లు. రోజూ రాత్రి ఎవరో మేడమెట్లు దిగివస్తుంటారు. దయ్యం మొహం ఎక్కడా చూపించరు. మెట్టు కిర్రుమన్న చప్పుడు, మెట్ల మీద జారుతూ పోయే తెల్లబట్ట అంచు, అంతే. చివర్లో పాప భయపడి మెట్ల కింద గదిలో దూరుతుంది. దూరేటప్పుడు గుమ్మం దగ్గర మేకు పట్టుకుని గౌను అంచు పర్రున చిరుగుతుంది. తలుపు మూసుకుపోతుంది. మెట్టు మీద మెట్టుగా అడుగులు దిగివచ్చి సరిగ్గా ఆ తలుపు ముందు ఆగుతాయి.

మొదటిసారి చూసినప్పుడు సరిగ్గా అక్కడే అక్క తన అరచెయ్యి తెచ్చి చెల్లెలి కళ్ళకు అడ్డం పెట్టేసింది. పెట్టి, చెవిలో చెప్పడం మొదలుపెట్టింది.

"భయపడకే బుల్లీ. దయ్యం తలుపు తీసింది. పాప పక్కన కూర్చుంది. గౌను చిరిగింది చూసింది. అయ్యో అనుకుంది. కొప్పులోంచి సూది తీసింది. కుడుతోంది."

"ఏం చప్పుడు రావట్లేదేంటే?" అంది చెల్లెలు చేతి కింద నుంచి.

"సూదికి చప్పుడేముంటుందే పిచ్చిమొద్దూ! ఒక్కో పోగే పడుతోంది. పాప లేస్తుందని."

చెయ్యి తీసేసరికి తెర మీద తెల్లవారిపోయింది. పాప గుమ్మం బయట హాయిగా నిద్రపోతోంది. గౌను అంచు చూస్తే, చిరుగు లేదు! కుట్టిన గుర్తు కూడా లేదు! అంత బాగా కుట్టింది దయ్యం. ఆ గౌను అంచు చూస్తూ చెల్లెలు నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఇంటికి వెళ్ళగానే అమ్మ సూదుల డబ్బా తీసి, దిండు గలీబు అంచు మీద ఒక్కో పోగూ పట్టడం మొదలుపెట్టింది. ఆ పట్టిన సూది మళ్ళీ వదల్లేదు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ సినిమాను ఏడాదికోసారైనా చూడకుండా ఉండరు. ముందు హాల్లో, తర్వాత టీవీలో. పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళిళ్ళయ్యాయి, అయినా ఆ ఘట్టం వచ్చేసరికి అక్క చెయ్యి లేవాలి, చెల్లెలి కళ్ళు మూయాలి, చెవిలో మాట పడాలి. ఒక్కోసారి దయ్యం ఏదో పాట గొణిగేది, ఒక్కోసారి దారం చిక్కుపడేది. పోయినేడు ఇలా లేదే అని చెల్లెలికి అనిపించేది. నేనే మరిచిపోయి ఉంటానని సర్దుకునేది. ఒక్కతే కూర్చుని చూడొచ్చుగా అంటే, "ఒంటరిగా దయ్యం సినిమా చూడ్డానికి నాకేం పిచ్చా?" అనేది.

అక్క సంగతి చెప్పాలి. అక్క మాట్లాడితే ఎండలో నిలబడ్డవాడు కూడా కాలు కదపడు. బావది గడియారాలు బాగుచేసే కొట్టు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, తల వంచుకుని చిన్న చిన్న చక్రాలు విప్పుతుంటే, అక్క పక్కన కూర్చుని వచ్చినవాళ్ళకు కబుర్లు చెప్పేది. గడియారం ఎప్పటికిస్తారని ఎవరూ అడిగేవారు కాదు. పక్కింటి పిల్లి మేడ ఎక్కిన ముచ్చట కూడా ఆవిడ నోట పడితే ఓ పూట కథ అయ్యేది. బావ మాత్రం నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. అక్క చెప్పే ప్రతి వాక్యానికీ తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు, అంతే.

బావ పోయి ఏడాది దాటింది. కొట్టు మూసేశారు. అక్క కూడా నోరు మూసేసింది.

ఏడవలేదని కాదు, ఏడ్చింది. తింటోంది, నిద్రపోతోంది, పలకరిస్తే బదులిస్తుంది. కానీ ఆ బదులు కత్తిరించి పారేసిన బట్ట ముక్కలా ఉంటుంది. "తిన్నావా?" "తిన్నా." "ఎలా ఉన్నావు?" "బానే." చెల్లెలు పట్టుబట్టి రోజూ మధ్యాహ్నం తన కొట్టుకు తీసుకొస్తుంది. ఇస్త్రీబల్ల పక్కన ఎత్తుపీట వేసింది. అక్క దాని మీద కూర్చుని హుక్కులు కుడుతుంది, గుండీలు కుడుతుంది. దర్జీ మాత్రం వాన కురిసినట్టు మాట్లాడుతూనే ఉంటుంది. ఎదురింటి గొడవ, కూరగాయలు, మిషను బెల్టు తెగిన వైనం, ఏది తోస్తే అది. ఒక మాటకు పది మాటలు వేస్తే, ఎక్కడో ఒకచోట అక్క అందుకోకపోతుందా అని ఆశ.

అక్క అందుకోలేదు.

అదిగో అలాంటి రోజుల్లో ఎదురుగోడ మీద కొత్త పోస్టరు పడింది. "మెట్లగది, మళ్ళీ తెరుచుకుంది." దర్జీ కత్తెర బల్ల మీద పెట్టేసి రోడ్డు దాటి వెళ్ళి, దగ్గర్నుంచి చూసి వచ్చింది. ఎర్రకళ్ళ దయ్యం ఒకటి పళ్ళు ఇకిలిస్తోంది. ఆ మొహం నచ్చలేదు. అయినా పేరు అదే. కథ అదే. మెట్లు ఉంటాయి, మేకు ఉంటుంది, అక్క చెయ్యి లేవాల్సిన చోటు ఉంటుంది. ఆ చోటుకు వస్తే అక్క నోట మాట రాకుండా ఎలా ఉంటుంది?

"అక్కా, మన సినిమా మళ్ళీ తీశారే! ఆదివారం వెళ్దాం."

"నేనెందుకులే."

"నువ్వు రాకపోతే నా కళ్ళు ఎవరు మూస్తారు? మా ఆయనా? ఆయనకు భయం వేస్తే నిద్ర వస్తుంది."

అక్క మొహంలో ఏదో మెదిలింది. నవ్వు కాదు, నవ్వు వచ్చి వెళ్ళిపోయిన జాడ. "సరే" అంది. దర్జీకి ఆ ఒక్కమాట చాలు. ఆ వారమంతా మిషను తొక్కుతూ మనసులో అదే అనుకుంది: అక్కడ, ఆ తలుపు దగ్గర, అక్క మాట్లాడుతుంది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వెళ్ళారు. దర్జీ, అక్క, దర్జీ భర్త. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. వారమంతా పిల్లల గోల విన్న చెవులకు ఆదివారం ఏ చప్పుడైనా జోలపాటే. సీట్లో కూర్చోగానే చేతులు కట్టుకుని తల వాల్చేశాడు.

పేర్లు పడటం కూడా పూర్తికాకముందే దయ్యం వచ్చేసింది. పైకప్పు మీద బల్లిలా పాకింది. మొహం చూపించింది, గోళ్ళు చూపించింది, నాలుక కూడా చూపించింది. అంతటితో ఆగక, తనెందుకు దయ్యమయిందో చెప్పింది. దానికో పాట. పాటలో దయ్యం, దయ్యం మొగుడు కొండలమ్మట పరుగెత్తారు. ఇల్లు చూస్తే పాత ఇల్లు కాదు, హోటల్లా ఉంది. మెట్లు పాలరాతివి. పాలరాయి కిర్రుమంటుందా? దర్జీ ఒక్కో దానికీ "పోనీలే" అనుకుంటూ వచ్చింది. "పోనీలే, ఆ ఒక్క చోటు బాగుంటే చాలు."

ఆ చోటు వచ్చింది. పాప పరుగెత్తింది. మేకు తగిలి గౌను చిరిగింది. దర్జీ చటుక్కున కళ్ళు మూసుకుని, అక్క చెయ్యి వెతికి పట్టుకుని, తెచ్చి తన కళ్ళ మీద పెట్టుకుంది.

చెయ్యి చల్లగా ఉంది. బరువుగా ఉంది. చెవి దగ్గర మాట మాత్రం రాలేదు. వచ్చినా వినపడేది కాదు. హాలు హాలంతా ఒకటే హోరు, సీటు కింద నుంచి గుండెదాకా అదురు. దర్జీ కాసేపు ఆగింది. చెవి అక్క వైపు ఇంకాస్త వంచింది. చివరికి వేళ్ళ సందులోంచి చూసింది. దయ్యం గోళ్ళతో తలుపు చీల్చుకుని లోపలికి దూకుతోంది. తండ్రి టార్చిలైటు తీసుకుని దాని మీద పడ్డాడు. ఇద్దరూ కలబడి గోడలు పగలగొట్టారు. తెల్లవారింది. పాప గుమ్మం బయట కూర్చుని ఉంది.

గౌను చిరిగే ఉంది. పేలిక వేలాడుతోంది.

"ఇదేం అన్యాయం!" అంది దర్జీ పైకే. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. దీపాలు వెలిగాయి. భర్త కళ్ళు నులుముకుంటూ లేచి, "అయిపోయిందా? బానే ఉంది" అన్నాడు.

"మీకు బానే ఉంటుంది. మీరు చూడలేదుగా."

బయటికొచ్చాక అక్క వైపు తిరిగింది. "ఏమే అక్కా, చూశావా ఏం చేశారో? ఇదీ ఒక సినిమానా? నువ్వేమంటావు?"

"ఇంటికి పోదాం" అంది అక్క.

దర్జీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. సినిమా పాడైతే పాడైంది, అలాంటివి ఎన్ని చూడలేదు! అక్క నోరు విప్పడానికి తన దగ్గర మిగిలిన ఒకే ఒక తాళంచెవిని ఆ ఎర్రకళ్ళ దయ్యం మింగేసింది. అదీ బాధ. దాని మీద ఎంత కోపమొచ్చిందంటే, మర్నాడు గోడ మీద పోస్టరు కనబడకుండా కొట్టు ముందు పరదా లాగేసింది.

ఆ పరదా తొలగించుకుని గుండీలన్నయ్య వచ్చాడు. పక్కసందులో గుండీలు, దారాలు, జిప్పులు అమ్మే మనిషి. రెండేళ్ళ క్రితమే ఈ బజారుకు వచ్చాడు. కొట్టుకు కావలసిన సరుకు తనే తెచ్చి ఇస్తాడు, ఇచ్చి ఓ అరగంట కూర్చుంటాడు.

"ఏంటి చెల్లెమ్మా, పట్టపగలు పరదా?"

"ఆ దరిద్రపు మొహం చూడలేక అన్నయ్యా. ఉన్న సినిమాను ముక్కలు చేసి పారేశారు. అసలైన సీనే తీసేశారు!"

"ఏ సీను?"

"అదే, దయ్యం పాప గౌను కుట్టే సీను."

గుండీలన్నయ్య చేతిలో జిప్పుల కట్ట బల్ల మీద పెట్టాడు. "అలాంటి సీను ఎక్కడుంది?"

"పాత దాంట్లో."

"పాత దాంట్లోనూ లేదు."

"మీరు అప్పుడు నిద్రపోయుంటారు. మా ఆయన జాతే."

"నేనా?" అన్నాడు ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. "చెల్లెమ్మా, కుర్రతనంలో ఆ సినిమా ఆడిన హాల్లో టికెట్లు చింపినవాణ్ణి నేను. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. పాప లోపలికి దూరుతుంది, తలుపు పడుతుంది, తెరంతా చీకటి. అంతే. మొదట్లో జనం రీలు తెగిందనుకుని ఈలలు వేసేవాళ్ళు, ఆపరేటర్ని తిట్టేవాళ్ళు. 'తెగలేదు బాబూ, సినిమాయే అంత' అని నేనే తిరిగి తిరిగి చెప్పేవాణ్ణి."

"మరి గౌను ఎలా బాగయింది?"

"తీసినవాళ్ళ పొరపాటు. చిరిగిన గౌను ఒక రోజు తొడిగారు, మంచి గౌను ఇంకో రోజు తొడిగారు. ఎవరూ చూసుకోలేదు. కొత్తవాళ్ళు ఆ పొరపాటు దిద్దారు."

"దిద్దారా! అక్కా, నువ్వు చెప్పవే. సీను ఉందా లేదా?"

పీట మీద అక్క హుక్కు కుడుతోంది. సూది సర్రున వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, "ఏమో" అంది.

దర్జీకి పౌరుషం వచ్చేసింది. "అయితే పందెం. సీను లేకపోతే రేపట్నుంచి ఆ కుట్టును హెమ్మింగ్ అనే అంటాను. ఉంటే మీరేం చేస్తారు?"

"నా కొట్టు ముందు నిలబడి దయ్యాల దర్జీ అంతటి మనిషి లేదని బజారంతా వినపడేలా అరుస్తాను. నా దగ్గర డిస్కు ఉంది. తెస్తా."

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో చూడాలని అనుకున్నారు. అక్క ఇంటి ముందుగది ఇరుకు. టీవీ, రెండు కుర్చీలు, ఒక బెంచీ. కిటికీ పక్కన బావ పనిబల్ల అలాగే ఉంది, మీద చిన్న చిన్న పట్టకారులు, భూతద్దం. అక్క ఆ బల్ల రోజూ తుడుస్తుంది, ఏదీ కదపదు. దర్జీ వెళ్ళగానే కిటికీలకు మందపాటి పరదాలు లాగింది. అవి తను కుట్టి ఇచ్చినవే. గది మసక చీకటయింది. గుండీలన్నయ్య ప్లేయరు తీగలు తగిలించి, పనిబల్లకు తగలకుండా కుర్చీ వాల్చుకుని ఒదిగి కూర్చున్నాడు. అక్కాచెల్లెళ్ళు బెంచీ మీద.

సినిమా మొదలయింది. మెట్టు కిర్రుమంది. దర్జీకి ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఇదీ ఇల్లంటే! ఇవీ మెట్లంటే! తెల్లబట్ట అంచు జారిపోతుంటే గుండీలన్నయ్య కూడా కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకున్నాడు.

"మీరెన్నిసార్లో చూశానన్నారు?" అంది దర్జీ.

"చూస్తే మాత్రం! దయ్యం నాకేం చుట్టమా?"

పాప పరుగెత్తింది. మేకు పట్టింది. పర్రుమంది. తలుపు పడింది. అడుగులు దిగుతున్నాయి. దర్జీ పక్కన ఏదో కదిలింది. అక్క చెయ్యి. ఎవరూ అడగకుండానే అది దానంతట అది లేచి చెల్లెలి కళ్ళ వైపు వస్తోంది.

దర్జీ ఆ మణికట్టు పట్టుకుని ఆపింది. "వద్దే అక్కా. ఇవాళ చూడాలి."

కళ్ళు తెరుచుకుని చూసింది. తెరంతా నల్లగా ఉంది. దయ్యం లేదు, సూది లేదు, కొప్పు లేదు. టీవీ అద్దంలో ముగ్గురి మొహాలు మాత్రం మసగ్గా కనబడుతున్నాయి. తన మొహం తనకే తెలియనట్టు ఉంది. ఎంతసేపటికీ అంతే. తర్వాత వెలుగొచ్చింది. గుమ్మం బయట పాప నిద్రపోతోంది. గౌనుకు చిరుగు లేదు.

గుండీలన్నయ్య పందెం గెలిచిన మనిషిలా లేడు. దర్జీ మొహం చూసి గొంతు తగ్గించాడు. "చెప్పాను కదా చెల్లెమ్మా. రెండు గౌన్లు. ఎవరూ కుట్టలేదు."

దర్జీ తన చేతుల వైపు చూసుకుంది. వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇన్నేళ్ళుగా ఆ వేళ్ళు ఎవరిని చూసి కుట్టాయి? బజారంతటికీ తను చెప్పుకున్న ఆ గురువు ఎక్కడ? నెమ్మదిగా అక్క వైపు తిరిగింది. కోపంగా ఏదో అందామనుకుంది. అక్క తల వంచుకుని కూర్చుంది, దొంగతనంగా పాలు తాగి దొరికిపోయిన పిల్లిలా.

"ఎవరూ కుట్టలేదు" అన్నాడు గుండీలన్నయ్య మళ్ళీ, ఇబ్బందిగా, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మీరు చూశారా?"

ఆ గొంతు ఎవరిదో ఇద్దరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. అక్క తల ఎత్తింది.

"చూడ్డానికేముంది అక్కయ్యగారూ? చీకటేగా."

"అదే అడుగుతున్నా. చీకట్లో ఏమీ జరగలేదని మీకెలా తెలుసు? మీ కొట్టు తలుపులు వేసేశాక లోపల ఎలకలు తిరగవా? మీరు చూడట్లేదని మానేస్తాయా?"

గుండీలన్నయ్య ఒప్పుకున్నాడు. "ఎలకలు తిరుగుతాయి. నిజమే. పోయిన్నెల లేసు కట్ట కొట్టేశాయి."

"మరి? వెనక్కి తిప్పండి."

"ఎక్కడికి?"

"మేకు దగ్గరికి. తలుపు పడగానే ఆపెయ్యండి."

ఆయన వెనక్కి తిప్పాడు. పాప పరుగెత్తింది, గౌను చిరిగింది, తలుపు పడింది. తెర నల్లబడగానే మీట నొక్కాడు. చీకటి అక్కడ ఆగిపోయింది. ఆ ఆగిన చీకటి ముందు ముగ్గురూ కూర్చున్నారు.

"దయ్యం మెట్లు దిగింది" అంది అక్క. గొంతు ఎన్నాళ్ళుగానో తెరవని తలుపులా కాస్త పట్టేసింది. "తలుపు దగ్గర ఆగింది. లోపల పాప ఊపిరి బిగబట్టింది. మేకుకు ఒక పేలిక వేలాడుతోంది. దయ్యం అది చేత్తో పట్టుకుని చూసింది. అరెరె, మంచి గౌనే, అనుకుంది."

అక్క ఆగింది.

దర్జీకి నాలుక మీద పది ప్రశ్నలు. తర్వాతేమైంది, దారం ఏ రంగు, పాప చూసిందా, ఇదంతా నువ్వే కల్పించావా, ఎందుకు చెప్పలేదు. అడగబోయింది. అడగబోతూ అక్క మొహం చూసింది. అక్క టీవీ వైపు చూడట్లేదు. కిటికీ పక్కన పనిబల్ల వైపు చూస్తోంది. ఏదో వినపడాలన్నట్టు, వినపడితే తప్ప ముందుకు వెళ్ళలేనన్నట్టు.

ఏడాదిగా తను ఏం చేసిందో దర్జీకి అప్పుడు తెలిసింది. అక్క ముందు వాన కురిసినట్టు మాట్లాడింది. ఒక్క చోటా ఆగలేదు. కథ చెప్పేవాళ్ళకు కావలసింది ఎదురు కథ కాదు.

ప్రశ్నలన్నీ మింగేసింది. "ఊఁ" అంది.

అక్క భుజాలు కొద్దిగా దిగాయి.

"కొప్పులోంచి సూది తీసింది. దారం లేదు. ఆ ఇంట్లో దారం ఎక్కడిది? అందుకని తన బట్ట అంచులోంచే ఒక పోగు లాగింది."

"ఊఁ."

"సినిమాలో చూడండి, దాని బట్ట అంచు ఎప్పుడూ పీకినట్టు ఉంటుంది. ఎందుకనుకున్నారు? ఆ ఇంట్లో ఎవరి బట్ట చిరిగినా అదే కుట్టేది. ఎవరికీ తెలియదు."

గుండీలన్నయ్య ముందుకు వంగాడు. "నిజమే! అంచు పీకినట్టే ఉంటుంది!" అన్నాడు. దర్జీ మోచేత్తో ఒక్కటిచ్చింది. "ఊఁ" అని సర్దుకున్నాడు.

"పాప లేస్తుందని ఒక్కో పోగే పట్టింది. కుడుతూ కుడుతూ దానికి ఒక మాట చెప్పాలనిపించింది. ఎన్నేళ్ళనుంచో రోజూ మెట్లు దిగుతోంది కదా. భయపెట్టడానికా దిగేది? కాదు. ఆ ఇంట్లో ఒక మాట చెబితే వినేవాడు ఉండేవాడు. లేడు. ఎక్కడైనా ఉన్నాడేమోనని వెతుక్కుంటూ దిగేది."

దర్జీ చూపు కూడా పనిబల్ల మీదికి వెళ్ళింది. అయినా తన వంతు మరిచిపోలేదు.

"ఊఁ."

"పాపకు చెప్పింది. ఏం చెప్పిందో మనకెందుకు, వాళ్ళ మాటలు వాళ్ళవి. పాప నిద్రలోనే ఊఁ అంది. దానికి అంతే చాలు. కుట్టు ముడి వేసి, దారం పంటితో కొరికి, పాపను ఎత్తుకుని గుమ్మం బయట పడుకోబెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మెట్లు దిగలేదు. కావాలంటే పెట్టండి, చూడండి. ఆ తర్వాత సినిమా మొత్తంలో మెట్టు చప్పుడు ఉండదు."

గుండీలన్నయ్య మీట నొక్కాడు. తెల్లవారింది. పాప లేచింది, తండ్రి వచ్చాడు, సామాను బండికెక్కింది. మెట్టు చప్పుడు లేదు. ముగ్గురూ చెవులు రిక్కించి చివరి పేరు పడేదాకా కూర్చున్నారు.

"ఎన్నిసార్లు టికెట్లు చింపానో" అన్నాడు ఆయన చివరికి. "ఇది మాత్రం ఇవాళే చూశాను."

"మరి పందెం?" అంది దర్జీ ముక్కు తుడుచుకుంటూ.

"సీను లేదుగా చెల్లెమ్మా, న్యాయం చెప్పాలంటే..."

"ఉంది" అంది అక్క. "తెర మీద లేదు, అంతే. కొట్టు ముందు నిలబడి అరవండి."

అరిచాడు. సోమవారం పొద్దున్నే, పక్కసందు, పెద్దబజారు వినపడేలా అరిచాడు. కూరగాయలు కొనేవాళ్ళు ఆగి చూశారు. స్కూలు బస్సు తోలుకుంటూ వెళ్తున్న దర్జీ భర్త విని, తన భార్యకు ఏదో అయిందనుకుని బస్సు ఆపేశాడు. పిల్లలందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, ఇంకోసారి అరవమని గోల చేశారు.

అక్క ఒక్కసారిగా మునుపటి అక్క అయిపోలేదు. కొన్ని మధ్యాహ్నాలు ఇప్పటికీ హుక్కులు కుట్టుకుంటూ ఊరుకుంటుంది. అలాంటప్పుడు దర్జీ కూడా ఊరుకుంటుంది. అది ఆవిడకు చాలా కష్టం, కానీ నేర్చుకుంటోంది. మిషను ఆపి చేతికుట్టు పని తీసుకుంటుంది, చప్పుడు లేని పని. కాసేపటికి పీట మీద నుంచి ఏదో ఒకటి మొదలవుతుంది. పక్కింటి పిల్లి మళ్ళీ మేడ ఎక్కిందట. ఎందుకెక్కిందంటే. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కుట్టడం అయిపోయినా వెళ్ళరు. గుండీలన్నయ్య జిప్పులు ఇచ్చి వెళ్ళే అరగంట గంటయింది. బావ భూతద్దం ఇప్పుడు ఈ కొట్టులోనే ఉంది. సన్నటి సూదికి దారం ఎక్కించాలంటే అక్కకు అది కావాలి.

పోస్టరు ఎండకు వెలిసిపోయి చినిగింది. దాని మీద ఇంకోటి పడింది. గుండీలన్నయ్య పరుగులాంటి నడకతో వచ్చి చెప్పాడు.

"చూశారా? 'మెట్లగది' రెండో భాగం వస్తోందట! ఈసారి దయ్యాలు రెండట!"

దర్జీ ఏదో తిట్టబోయింది. కుదరలేదు. ఒక పెద్ద గౌనుకు అంచు మడుస్తోంది, పెదాల మధ్య వరసగా గుండుసూదులు పట్టుకుని ఉంది.

"వెళ్దాం" అంది అక్క పీట మీద నుంచి. "ఏమేం వదిలేశారో చూసొద్దాం. రెండు దయ్యాలంటే వాటికి కబుర్లు ఉంటాయి. ఒకటి కాస్త వాగుడుకాయ అయ్యుంటుంది. రెండోదానికి ఇంట్లో పనెక్కువ..."

చెబుతూ భూతద్దం కంటికి పెట్టుకుని, దారం మొన నోటితో తడిపి, ఆగింది.

దర్జీ నోటినిండా సూదులు. ఆ సూదులతో ఇంకో మాట పలకడం ఎవరి తరమూ కాదు.

"ఊఁ" అంది.